తక్కువ ఎత్తులో వచ్చే చిన్న విమానాలను చేతిసంచిలో పట్టే రాడార్‌తో పసిగట్టగలమా?

చెరువు_సర్వేయర్ | పోస్టు 1

అందరికీ నమస్కారం. హైదరాబాద్ శివార్లలోని చెరువుల గట్లను, ముంపు హద్దులను డ్రోన్‌తో కొలిచే చిన్న బృందం మాది. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు వంటి దూరపు చెరువుల దగ్గరా, ఔటర్ రింగ్ రోడ్డును ఆనుకుని ఉన్న కుంటల దగ్గరా పని ఉంటుంది. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై పటంలో గ్రీన్ జోన్‌గా (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంగా) చూపిన చోటనే, 400 అడుగులు (సుమారు 120 మీటర్లు) మించకుండా డ్రోన్‌ను ఎగరవేస్తాము. అయినప్పటికీ శిక్షణ విమానాలు, హెలికాప్టర్లు ఒక్కోసారి మేము అనుకున్నదానికంటే బాగా కిందుగా వస్తున్నాయి. గట్టు మీద నిలబడి ఆకాశాన్ని చూస్తూ ఉండడానికి ఒక మనిషిని పెట్టాము కానీ, ఎండ నడినెత్తికి వచ్చాక ఆ పని ఎంతసేపు చేయగలరో మీకు తెలియనిది కాదు.

అందువల్ల 24 గిగాహెర్ట్జ్ రాడార్ మాడ్యూల్ ఒకటి కొని, నేరుగా పైకి గురిపెట్టి, తలపైకి విమానం రాగానే బజర్ మోగేలా చేయాలని ఆలోచిస్తున్నాము. పరికరం బ్యాటరీతో నడవాలి, ఒక సంచిలో పట్టాలి. ఏ మాడ్యూల్ తీసుకోవాలి, ఎంత పవర్ కావాలి అన్నది పెద్దలు చెప్పగలరు.


తరంగిణి | పోస్టు 2

సర్వేయర్ గారూ, మాడ్యూల్ సంగతికి ముందు ఒక ప్రశ్న. విమానం వస్తోందని తెలిసిన తరువాత డ్రోన్‌ను కిందికి దింపడానికి మీకు ఎన్ని సెకన్లు పడుతుంది?

ఎందుకు అడుగుతున్నానంటే, నేరుగా పైకి చూసే యాంటెన్నాకు 30 డిగ్రీల బీమ్ (అది చూడగల కోణం) ఉందనుకుంటే, 300 మీటర్ల ఎత్తులో ఆ బీమ్ వెడల్పు 160 మీటర్లు మాత్రమే అవుతుంది. సెకనుకు 50 మీటర్ల వేగంతో వచ్చే శిక్షణ విమానం దానిని మూడు సెకన్లలో దాటిపోతుంది. 150 మీటర్ల ఎత్తులో వస్తే అందులో సగం సమయమే దొరుకుతుంది. బజర్ మోగేసరికి విమానం మీ నెత్తిమీదే ఉంటుంది. మీరు తల ఎత్తేలోగా వెళ్లిపోయి ఉంటుంది కూడా. ఒక ప్రదేశం మీదుగా రోజుకు ఎన్ని విమానాలు వెళ్లాయో లెక్కపెట్టడానికి ఆ అమరిక చక్కగా పనికివస్తుంది. ముందస్తు హెచ్చరిక మీ అవసరమైతే రాడార్ చూడవలసిన దిక్కే వేరు.


కోఠి_టంకం | పోస్టు 3

గుజరాతీ గల్లీలో 10.525 గిగాహెర్ట్జ్ డాప్లర్ మాడ్యూళ్లు చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. ఆటోమేటిక్ తలుపులకు, గదిలో మనిషి కదలికకు వాడేవి అవే. మనిషిని పది పదిహేను మీటర్ల దూరంలో సులువుగా పట్టుకుంటాయి. విమానం మనిషికంటే ఎంతో పెద్దది కదా, నాలుగైదు మాడ్యూళ్లు పక్కపక్కన పెడితే సరిపోదా?


విశ్రాంత_మైక్రోవేవ్ | పోస్టు 4

తమ్ముడూ, ఆ లెక్క దగ్గరే అందరూ తడబడతారు కనుక కొంచెం వివరంగా చెబుతాను.

రాడార్ పంపిన శక్తి లక్ష్యాన్ని చేరేసరికి దూరపు వర్గానికి తగ్గట్టు పలచబడుతుంది. అక్కడ తగిలి వెనుదిరిగిన శక్తి మళ్లీ అదే విధంగా పలచబడుతుంది. కాబట్టి మనకు చేరే ప్రతిధ్వని దూరపు నాలుగో ఘాతానికి విలోమంగా తగ్గుతుంది. దూరం రెండింతలైతే ప్రతిధ్వని 16వ వంతు అవుతుంది, పదింతలైతే 10,000వ వంతు అవుతుంది. రాడార్‌కు మనిషి దాదాపు ఒక చదరపు మీటరు లక్ష్యంగా కనిపిస్తాడు. విమానం అంతకు పదింతలు పెద్దగా కనిపించిందని ఉదారంగా ఒప్పుకున్నా, పదికి నాలుగో మూలం 1.8 కాబట్టి, పదిహేను మీటర్ల పరికరం 27 మీటర్ల పరికరం అవుతుంది, అంతే. నాలుగు మాడ్యూళ్లు విడివిడిగా పెట్టుకుంటే ఆ దూరం చెప్పుకోదగినంత పెరగదు, ఎందుకంటే వాటి సిగ్నళ్ల ఫేజ్ కలవదు.

రెండవ సంగతి, ఆ మాడ్యూల్‌కు కదలిక మాత్రమే తెలుస్తుంది, దూరం తెలియదు. డాప్లర్ అనేది మన వైపు వచ్చే వేగానికి, లేదా మననుంచి దూరమయ్యే వేగానికి సంబంధించినది. విమానం సరిగ్గా నడినెత్తిన ఉన్న క్షణంలో అది మన వైపు రావడమూ లేదు, దూరం పోవడమూ లేదు. కనుక అతి దగ్గరగా ఉన్న ఆ ఒక్క క్షణంలోనే డాప్లర్ సున్నా అవుతుంది. కదలని వస్తువులను వడకట్టేసే సర్క్యూట్ ఆ క్షణంలో విమానాన్ని కూడా వడకట్టేస్తుంది. ఎఫ్‌ఎంసీడబ్ల్యూ పద్ధతిలో, అంటే ఫ్రీక్వెన్సీని క్రమంగా పెంచుతూ పంపే పద్ధతిలో, దూరం విడిగా తెలుస్తుంది కాబట్టి ఆ చిక్కు ఉండదు.

నిట్టనిలువుగా పైకి చూసే రాడార్లు లేకపోలేదు. తిరుపతి దగ్గర గాదంకిలో 1,024 యాగీ యాంటెన్నాలతో, 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఎంఎస్‌టీ రాడార్ ఉంది. అది చూసేది పై వాతావరణపు గాలులను. దాని దృష్టిలో విమానం ఏరిపారేయవలసిన అడ్డంకి.


చెరువు_సర్వేయర్ | పోస్టు 5

తరంగిణి గారూ, మీ ప్రశ్నకు జవాబు. మా డ్రోన్ నిలకడగా దిగే వేగం సెకనుకు 4 మీటర్లు. 120 మీటర్ల నుంచి నేలకు రావడానికి 30 సెకన్లు పడుతుంది. హెలికాప్టర్ సెకనుకు 60 మీటర్ల వేగంతో వస్తోందనుకుంటే 1.8 కిలోమీటర్ల దూరంలోనే మాకు తెలియాలి. ఇంత దూరం అవుతుందని నేను ఊహించలేదు. 24 గిగాహెర్ట్జ్ మాడ్యూల్‌తో అది సాధ్యమా?


తరంగిణి | పోస్టు 6

లెక్క ముందు పెడతాను, నిర్ణయం మీది.

పంపే వైపు యాంటెన్నా గెయిన్‌తో (శక్తిని ఒక దిక్కుకు కూడగట్టే సామర్థ్యంతో) కలిపి 100 మిల్లీవాట్లు, అందుకునే యాంటెన్నా గెయిన్ 20 డెసిబెల్స్, లక్ష్యం 2 చదరపు మీటర్లు, దూరం 500 మీటర్లు అనుకుందాం. 24 గిగాహెర్ట్జ్ వద్ద తిరిగివచ్చే సిగ్నల్ దాదాపు మైనస్ 136 డీబీఎం (ఒక మిల్లీవాటుతో పోల్చి డెసిబెల్స్‌లో చెప్పే కొలత) ఉంటుంది. రిసీవర్ నాయిస్ ఫిగర్ (రిసీవర్ తనంతట తాను కలిపే రొద) 12 డెసిబెల్స్ అనుకుని, 50 మిల్లీసెకన్ల పాటు ప్రతిధ్వనులను కలుపుకుంటే నాయిస్ దాదాపు మైనస్ 149 డీబీఎం వద్ద ఉంటుంది. తేడా 13 డెసిబెల్స్. నమ్మకంగా గుర్తించడానికి కనీసం కావలసినది కూడా అంతే. అంటే ఏ నష్టాలూ లేని కాగితపు లెక్కలో ఈ పరికరం 500 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి 1.8 కిలోమీటర్లకు వెళ్లాలంటే ఇంకో 22 డెసిబెల్స్ కావాలి, అంటే పవర్ 160 రెట్లకు పైగా పెంచాలి.

ఇప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చూడండి. మన దేశంలో 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు లైసెన్సు మినహాయింపు 2005 నుంచి ఉంది. సిగ్నల్ 10 మెగాహెర్ట్జ్ లేదా అంతకంటే ఎక్కువ వెడల్పున పరచుకుని ఉంటే 1 వాటు ట్రాన్స్‌మిటర్ పవర్, యాంటెన్నాతో కలిపి 4 వాట్ల వరకు అనుమతి. తరంగదైర్ఘ్యం పదింతలు పెద్దది కాబట్టి అదే యాంటెన్నా గెయిన్‌కు 20 డెసిబెల్స్ లాభం దానంతట అదే వస్తుంది. పది డెసిబెల్స్ గెయిన్ ఉన్న మామూలు ప్యానెల్ యాంటెన్నాలు రెండు, 5 డెసిబెల్స్ నాయిస్ ఫిగర్ ఉన్న రిసీవర్ పెట్టుకుంటే, 1.8 కిలోమీటర్ల దగ్గర కూడా 50 మిల్లీసెకన్లలో దాదాపు 24 డెసిబెల్స్ తేడా కనిపిస్తుంది.

మార్కెట్లో 24, 77 గిగాహెర్ట్జ్ మాడ్యూళ్లు ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి అవే ఆధునికమని, అవే మేలని అనుకుంటారు. అవి కార్ల కోసం పుట్టినవి. వాటికి చిన్న యాంటెన్నా, సన్నని బీమ్, సెంటీమీటర్ల ఖచ్చితత్వం ముఖ్యం. మీకు వాటిలో ఏదీ అవసరం లేదు. పైగా 24 గిగాహెర్ట్జ్‌ను అంతర్జాతీయంగా ఐఎస్‌ఎం బ్యాండ్ (పరిశ్రమలు, విజ్ఞానం, వైద్యం కోసం కేటాయించిన బ్యాండ్) అంటారు కదా అని ఇక్కడ వాడుకోవచ్చని అనుకోకండి. మన దగ్గర మినహాయింపు విడిగా నోటిఫై అయితేనే చెల్లుతుంది.


నాంపల్లి_శ్రోత | పోస్టు 7

అసలు మనం ఏమీ ప్రసారం చేయకుండానే చూసే మార్గం ఉండగా ఇన్ని వాట్లు ఎందుకు? మొదట 1090 మెగాహెర్ట్జ్ ఏడీఎస్-బీ రిసీవర్ పెట్టుకోండి; విమానాలు తమ స్థానాన్ని తామే ప్రకటించే సిగ్నల్‌ను అది వింటుంది. కంప్యూటరుకు తగిలించే రేడియో రిసీవరైన ఒక ఎస్‌డీఆర్ డాంగిల్, ఒక చిన్న యాంటెన్నా, ఒక ల్యాప్‌టాప్ చాలు. శంషాబాద్‌కు వచ్చే పెద్ద విమానాలన్నీ పేరుతో, ఎత్తుతో సహా కనిపిస్తాయి. చిన్న శిక్షణ విమానాలన్నింటిలో ఆ పరికరం ఉంటుందని మాత్రం నమ్మకూడదు.

దాని తరువాత పాసివ్ రాడార్. ఎఫ్‌ఎం స్టేషన్లు రాత్రింబవళ్లు ప్రసారం చేస్తూనే ఉంటాయి. ఆ తరంగాలు విమానానికి తగిలి చెల్లాచెదురవుతాయి. ఒక యాంటెన్నాతో స్టేషన్‌ను నేరుగా, మరొక యాంటెన్నాతో ఆకాశాన్ని వింటూ రెండింటినీ పోల్చితే విమానం దొరుకుతుంది. 1935 ఫిబ్రవరి 26న బ్రిటిష్ శాస్త్రవేత్తలు వాట్సన్-వాట్, విల్కిన్స్ ఇంగ్లండులో డావెంట్రీ దగ్గర చేసిన మొదటి ప్రయోగం ఇదే పద్ధతి. సొంత ట్రాన్స్‌మిటర్ లేకుండా బీబీసీ షార్ట్‌వేవ్ ప్రసారాన్నే వాడుకుని, హేఫోర్డ్ బాంబర్ నుంచి వచ్చిన ప్రతిధ్వనిని పట్టుకున్నారు. ఎఫ్‌ఎం తరంగదైర్ఘ్యం మూడు మీటర్లు. చిన్న విమానం రెక్కలూ తోకా ఆ కొలతకు దగ్గరగా ఉంటాయి కాబట్టి అది తన పరిమాణానికి మించి ప్రతిధ్వనిస్తుంది.


వేదిక_నిర్వాహకులు | పోస్టు 8

చర్చ బాగుంది, కొనసాగించండి. ఒక్క మనవి. దుండిగల్, హకీంపేట వైమానిక స్థావరాలు మన నగరం అంచునే ఉన్నాయి. రక్షణ విమానాల రాకపోకల వివరాలను, వాటి రికార్డింగులను ఇక్కడ పెట్టవద్దు. అటువంటి స్థావరాల పరిసరాలలో ప్రయోగాలు చేయమని ఎవరికీ సలహా ఇవ్వవద్దు. సర్వేయర్ గారి అవసరం పౌర విమానాల భద్రతకు సంబంధించినది కాబట్టి దానివరకే పరిమితమవుదాం.


విశ్రాంత_మైక్రోవేవ్ | పోస్టు 9

శ్రోత గారు చెప్పిన పాసివ్ పద్ధతి నాకు కూడా ఇష్టమే కానీ, ఈ పనికి అది కుదరదని నా అభిప్రాయం. ఎఫ్‌ఎం ప్రసారపు బ్యాండ్‌విడ్త్ మహా అయితే 150 కిలోహెర్ట్జ్ వరకు ఉంటుంది. దూరంలో స్పష్టత బ్యాండ్‌విడ్త్ మీద ఆధారపడుతుంది కాబట్టి, అది ఎంత బాగున్నా కిలోమీటరు దగ్గర ఆగుతుంది. సంగీతం వస్తున్నప్పుడు ఒక రకంగా, వార్తలు చదువుతున్నప్పుడు మరొక రకంగా మారుతుంది కూడా. వ్యాఖ్యాత ఊపిరి పీల్చుకునే విరామంలో మీ రాడార్ చూపు మందగిస్తుంది! విమానం 1.8 కిలోమీటర్ల అవతల ఉందా, ఇవతల ఉందా అన్నదే సర్వేయర్ గారికి కావలసిన సమాచారం. స్టేషన్ నుంచి నేరుగా వచ్చే సిగ్నల్ ప్రతిధ్వని కంటే కోట్ల రెట్లు బలంగా ఉంటుంది; దానిని తొలగించడమే ఒక పెద్ద పని.

సాఫ్ట్‌వేర్ విషయంలో కూడా ఒక మాట. ఐదు ఛానెళ్ల రేడియో రిసీవర్ క్రాకెన్‌ఎస్‌డీఆర్ తయారీదారులు అమెరికా ఎగుమతి నిబంధనల భయంతో 2022లో తమ పాసివ్ రాడార్ కోడ్‌ను వెనక్కి తీసుకున్నారు. దాని మీద ఆశ పెట్టుకుని కొనవద్దు.


కోఠి_టంకం | పోస్టు 10

అలాగైతే 2.4 గిగాహెర్ట్జ్ డబ్బా రాడార్ సంగతి చూద్దాం. 2011లో ఎంఐటీలో గ్రెగరీ చార్వట్ బృందం కాఫీ డబ్బాలను యాంటెన్నాలుగా వాడి, ల్యాప్‌టాప్ సౌండ్ కార్డుతో సిగ్నల్ రికార్డు చేసే రాడార్‌ను విద్యార్థుల చేత తయారు చేయించింది. నేను అటువంటిదే ఒకటి కట్టాను. వీధిలో వెళ్లే కార్లు చక్కగా కనిపిస్తాయి. దానికే పెద్ద యాంప్లిఫయర్ తగిలించి, డబ్బాల బదులు ప్యానెళ్లు పెడితే మన పని అయిపోతుందా?


తరంగిణి | పోస్టు 11

టంకం గారూ, ఆ రూపకల్పన బోధన కోసం అద్భుతంగా కుదిరినది. విమానాలకు మాత్రం అలాగే వాడలేము. కారణం పవర్ కాదు, స్వీప్ వేగం.

అందులో ఒక్కొక్క స్వీప్‌కు, అంటే ఫ్రీక్వెన్సీని ఒకసారి కింది నుంచి పైకి తిప్పడానికి, 20 మిల్లీసెకన్లు పడుతుంది. స్వీప్‌కూ స్వీప్‌కూ మధ్య ఫేజ్ ఎంత మారిందో చూసి వేగాన్ని లెక్కిస్తాము కాబట్టి, ఆ మార్పు సగం చుట్టు దాటితే లెక్క తప్పుతుంది. 20 మిల్లీసెకన్ల స్వీప్‌తో తికమక లేకుండా కొలవగల వేగం సెకనుకు 1.5 మీటర్లు మాత్రమే. హెలికాప్టర్ ఏ వేగంతో వస్తోందో, అసలు వస్తోందో పోతోందో కూడా చెప్పలేము. సెకనుకు 75 మీటర్ల వరకు కొలవాలంటే స్వీప్ 0.4 మిల్లీసెకన్లలో పూర్తి కావాలి.

ఇప్పుడు రెండవ చిక్కు. 83.5 మెగాహెర్ట్జ్ మొత్తాన్ని 0.4 మిల్లీసెకన్లలో తిప్పితే, 1.8 కిలోమీటర్ల నుంచి వచ్చే ప్రతిధ్వనికి బీట్ ఫ్రీక్వెన్సీ (ఆ క్షణాన పంపేదానికీ తిరిగివచ్చేదానికీ మధ్య ఫ్రీక్వెన్సీ తేడా) 2.5 మెగాహెర్ట్జ్ అవుతుంది. సౌండ్ కార్డు 22 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. సిగ్నల్‌ను అంకెలుగా మార్చే ఖరీదైన కన్వర్టరు కావాలి, సెకనుకు యాభై లక్షలకు పైగా శాంపిళ్లను ఎండలో, బ్యాటరీ మీద నడిచే కంప్యూటరు నమలాలి.

ఇక్కడే కొంచెం ఆగి, మనకు నిజంగా ఏమి కావాలో చూసుకుందాం. 83.5 మెగాహెర్ట్జ్ వాడితే దూరంలో 1.8 మీటర్ల స్పష్టత వస్తుంది. రెండు కిలోమీటర్ల అవతలి హెలికాప్టర్ ఎక్కడ ఉందో రెండు మీటర్ల తేడాతో తెలుసుకుని సర్వేయర్ గారు ఏమి చేస్తారు? బ్యాండ్‌విడ్త్‌ను 10 మెగాహెర్ట్జ్‌కు తగ్గించండి. నిబంధన అడిగే కనీస వెడల్పు కూడా అదే. స్పష్టత 15 మీటర్లు అవుతుంది, అది ధారాళంగా చాలు. బీట్ ఫ్రీక్వెన్సీ 300 కిలోహెర్ట్జ్‌కు దిగుతుంది, సెకనుకు పది లక్షల శాంపిళ్లు తీసే సాధారణ కన్వర్టరు సరిపోతుంది.

ఇంకొక లాభం కూడా ఉంది. సెకనుకు 60 మీటర్లు కదిలే లక్ష్యం 1.8 మీటర్ల గడిని (రాడార్ విడిగా చూడగల ఒక్కొక్క దూరపు ముక్కను) 30 మిల్లీసెకన్లలోనే దాటేస్తుంది కాబట్టి అంతకు మించి ప్రతిధ్వనులను నేరుగా కలుపుకోలేము. గడి 15 మీటర్లైతే పావు సెకను పాటు కలుపుకోవచ్చు. 50 మిల్లీసెకన్లతో పోలిస్తే అది మరో 7 డెసిబెల్స్. స్పష్టతను వదులుకోవడం వల్ల దూరం చూడగలుగుతున్నాము.


విశ్రాంత_మైక్రోవేవ్ | పోస్టు 12

అమ్మాయి చెప్పినది అక్షరాలా నిజం. దానికి ఒక్క జాగ్రత్త కలుపుతాను. పంపే యాంటెన్నాలోకి 400 మిల్లీవాట్లు, అంటే 26 డీబీఎం పోతున్నప్పుడు, పక్కనే ఉన్న అందుకునే యాంటెన్నాకు 40 డెసిబెల్స్ ఎడం ఇచ్చినా మైనస్ 14 డీబీఎం లీకేజీ వస్తుంది. మనం వెతికే ప్రతిధ్వని మైనస్ 132 దగ్గర ఉంది. ఆ లీకేజీ వల్ల రిసీవర్ మొదటి యాంప్లిఫయర్ మూగబోకుండా చూసుకోవాలి. రెండు ప్యానెళ్ల మధ్య మీటరు దూరం ఉంచి, నడుమ రేకు పలక ఒకటి నిలబెట్టండి. మిక్సర్ తరువాత తక్కువ ఫ్రీక్వెన్సీలను అణచే ఫిల్టర్ పెడితే దగ్గరి వస్తువుల బలమైన ప్రతిధ్వనులు కూడా తగ్గుతాయి.


నాంపల్లి_శ్రోత | పోస్టు 13

అందరూ ఒక ముఖ్యమైన సంగతి మరిచిపోయినట్టున్నారు. సర్వేయర్ గారి డ్రోన్ రిమోటు ఏ ఫ్రీక్వెన్సీ మీద పనిచేస్తోంది? అది 2.4 గిగాహెర్ట్జ్ అయితే, విమానం నుంచి డ్రోన్‌ను కాపాడడానికి పెట్టిన రాడారే ఆ డ్రోన్‌కు రిమోటుతో ఉన్న సంబంధాన్ని తెంచేస్తుంది.


చెరువు_సర్వేయర్ | పోస్టు 14

శ్రోత గారికి కృతజ్ఞతలు. మా డ్రోన్ 2.4, 5.8 రెండింటి మీదా పనిచేస్తుంది. ఆటోమేటిక్‌గా మారకుండా 5.8 మీదే నిలిపే వీలు ఉంది. చెరువు గట్టు మీద ఇరుగుపొరుగు వైఫై బెడద తక్కువే కనుక రాడార్‌కు 2.4 వదిలేస్తాము.

నా తరువాతి భయం పక్షులు. చలికాలంలో చెరువుల మీద కొంగలు, బాతులు గుంపులుగా లేస్తాయి. గద్దలైతే ఏడాది పొడుగునా తిరుగుతూనే ఉంటాయి. ప్రతిదానికీ బజర్ మోగితే రెండో రోజే మా కుర్రవాళ్లు దాని వైరు పీకేస్తారు.


విశ్రాంత_మైక్రోవేవ్ | పోస్టు 15

పక్షులను వేగంతో వేరు చేయవచ్చు. అవి మామూలుగా సెకనుకు 10 నుంచి 20 మీటర్ల వేగంతో ఎగురుతాయి. సెకనుకు 25 మీటర్లకు మించి మన వైపు వచ్చేవాటికే బజర్ మోగాలని పెట్టుకుంటే, అంటే 2.4 గిగాహెర్ట్జ్ మీద దాదాపు 400 హెర్ట్జ్ డాప్లర్ దాటినప్పుడే అని పెట్టుకుంటే, కొంగలూ పోతాయి, మీ సొంత డ్రోన్ కూడా పోతుంది. అడ్డంగా దూరంగా పోయే విమానం కూడా ఈ వడపోతలో పోతుంది కానీ, అది మీ మీదికి రావడం లేదు కనుక నష్టం లేదు. నెమ్మదిగా వచ్చే హెలికాప్టర్‌ను ఇది వదిలేస్తుంది; అయితే నెమ్మదిగా వస్తున్నది మీకు ఎక్కువ సమయం ఇస్తుంది, దాని రోటర్ చప్పుడూ వినిపిస్తుంది.

నా భయం పక్షుల గురించి కాదు, ఔటర్ రింగ్ రోడ్డు గురించి. అక్కడ వేగ పరిమితి గంటకు 120 కిలోమీటర్లు, అంటే సెకనుకు 33 మీటర్లు. లారీ రాడార్‌కు విమానం కంటే ఎన్నో రెట్లు పెద్దగా కనిపిస్తుంది. రోడ్డు మీ గట్టుకు ఎదురుగా వంపు తిరిగే చోట ప్రతి కారూ మీ మీదికి దూసుకువస్తున్న విమానమే. వేగంతో దీనిని వడకట్టలేము, కోణంతో చేయాలి.

పది డెసిబెల్స్ ప్యానెల్‌కు నిలువున 55 డిగ్రీల బీమ్ ఉంటుందనుకుని, దానిని 30 డిగ్రీలు పైకి వంచండి. కింది అంచు దిగంతానికి రెండు మూడు డిగ్రీల పైన ఆగుతుంది, రోడ్డు చాలావరకు బీమ్ బయటకు పోతుంది. 1.8 కిలోమీటర్ల అవతల 150 మీటర్ల ఎత్తులో ఉన్న హెలికాప్టర్ దాదాపు 5 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది కాబట్టి పోతూ వస్తూ కలిపి మనం 5 డెసిబెల్స్ నష్టపోతాము. ఆ నష్టం భరించదగినదే. అయినా మిగిలిన లారీల కోసం, ఆ దిక్కున రోడ్డు ఎంత దూరంలో ఉందో ఆ గడులను సాఫ్ట్‌వేర్‌లో మూసివేయండి. ప్రతి చెరువు దగ్గర పని మొదలుపెట్టే ముందు ఈ మూసివేతను కొత్తగా చేసుకోవాలి.


గట్టుమీద_గాలి | పోస్టు 16

మొదటి నుంచి చదువుతున్నాను. నేను కొంతకాలం చిన్న విమానాలు నడిపినవాణ్ని కనుక ఒక అనుమానం అడుగుతాను. ఇంత శ్రమ అవసరమా? రెండు బ్లేడ్ల ప్రొపెల్లర్ నిమిషానికి 2,400 సార్లు తిరిగితే 80 హెర్ట్జ్ హోరు వస్తుంది. ఆ చప్పుడు కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది. నాలుగు మైకులు, ఒక ఫిల్టర్ పెడితే చవకగా పని జరుగుతుంది. 1.8 కిలోమీటర్ల నుంచి శబ్దం రావడానికి ఐదు సెకన్లే కదా ఆలస్యం.


తరంగిణి | పోస్టు 17

మైకుల ఆలోచనను నేను కొట్టివేయను, రాడార్‌తోపాటు పెట్టుకుంటే బలమే. కానీ ఆ 30 సెకన్లలో ఐదు సెకన్లు శబ్దానికే పోతే డ్రోన్ ఇంకా 20 మీటర్ల ఎత్తున ఉండగానే హెలికాప్టర్ వచ్చేస్తుంది. గాలి ఎదురు వీస్తే వినికిడి దూరం బాగా తగ్గుతుంది. పొలాల్లో మోటార్లు, ట్రాక్టర్లు, రోడ్డు మీది లారీలు కూడా ఆ 80 హెర్ట్జ్ చుట్టుపక్కలే హోరెత్తిస్తాయి. అన్నిటికంటే ముఖ్యంగా, శబ్దం ఎంత పెద్దగా ఉందో తెలుస్తుంది కానీ విమానం ఎంత దూరంలో ఉందో ఒక్క చోటి మైకులు చెప్పలేవు.


గట్టుమీద_గాలి | పోస్టు 18

దూరం విషయంలో ఒప్పుకుంటున్నాను. అయినా ఒక మాట గుర్తుంచుకోండి: దగ్గరలో నాదర్‌గుల్ వంటి శిక్షణ ఎయిర్‌స్ట్రిప్ ఉంటే, మీరు ఏ రోజు ఏ చెరువు మీద ఎంత ఎత్తున ఎగరవేస్తున్నారో వాళ్లకు ముందుగా చెప్పడం ఏ రాడార్ కంటే తక్కువ పని కాదు. కాక్‌పిట్‌లోంచి డ్రోన్ కనిపించడం దాదాపు అసాధ్యం.


చెరువు_సర్వేయర్ | పోస్టు 19

అది తప్పకుండా చేస్తాము. ఇప్పటివరకు అర్థమైనదాని ప్రకారం మా ప్రణాళిక ఇది: 2.4 గిగాహెర్ట్జ్, 10 మెగాహెర్ట్జ్ వెడల్పు, 0.4 మిల్లీసెకన్ల స్వీప్, 30 డిగ్రీలు పైకి వంచిన రెండు ప్యానెళ్లు, పక్కన ఏడీఎస్-బీ డాంగిల్. ఒకే దిక్కు చూడగలం కాబట్టి ఎయిర్‌స్ట్రిప్ ఉన్న వైపు పెట్టి, మిగిలిన దిక్కులు చూడడానికి మనిషిని ఉంచుతాము. సొంతంగా కట్టిన పరికరాన్ని వృత్తిలో వాడబోతున్నాము కనుక వైర్‌లెస్ అనుమతులు చూసే డబ్ల్యూపీసీ విభాగానికి రాసి, ఏ ఆమోదం కావాలో లిఖితపూర్వకంగా తెలుసుకున్న తరువాతే గట్టు ఎక్కిస్తాము.

మిగిలిన ప్రశ్న ఒక్కటే. ఇది నిజంగా 1.8 కిలోమీటర్లు చూస్తోందని ఎలా నమ్మాలి? ఎవరో పైలట్‌ను మా మీదుగా ఎగరమని అడగలేము కదా.


తరంగిణి | పోస్టు 20

విమానం అవసరం లేదు, మీ డ్రోన్ చాలు. మూడు త్రికోణపు పలకలు ఒకదానికొకటి లంబంగా కలిసే మూల రిఫ్లెక్టర్ తయారు చేయండి. లోపలి అంచు 30 సెంటీమీటర్లు ఉంటే 2.4 గిగాహెర్ట్జ్ వద్ద అది 2 చదరపు మీటర్లకు కొంచెం పైన కనిపిస్తుంది, అంటే మనం లెక్కల్లో తీసుకున్న చిన్న విమానంతో సమానం. థర్మాకోల్ పలకలకు అల్యూమినియం ఫాయిల్ ముడతలు లేకుండా అతికిస్తే బరువు కూడా ఉండదు. దానిని డ్రోన్ కింద ఊగకుండా బిగించి, 120 మీటర్ల ఎత్తున, 500 మీటర్ల దూరం నుంచి రాడార్ వైపు నడిపించండి. డ్రోన్ వేగం తక్కువ కాబట్టి ఆ పూటకు వేగపు హద్దును సెకనుకు 5 మీటర్లకు దించుకోండి.

500 మీటర్ల దగ్గర ఎంత తేడా కనిపించాలో ముందే రాసిపెట్టుకోండి. గుర్తింపుకు కావలసిన 13 డెసిబెల్స్, దూరం పెరిగినందుకు 22, హెలికాప్టర్ బీమ్ అంచున ఉంటుంది కాబట్టి మరో 3, మొత్తం 38. పావు సెకను కలుపుకున్న తరువాత 38 డెసిబెల్స్ కంటే తక్కువ వస్తే మీ పరికరం 1.8 కిలోమీటర్లు చూడదు. కాగితం మీద 50 దాటాలి. లీకేజీ నాయిస్, వైఫై తినేసినంత తినేసిన తరువాత ఎంత మిగిలిందన్నదే అసలు పరీక్ష.


కోఠి_టంకం | పోస్టు 21

ఫాయిల్ పని నాకు వదిలేయండి. ఒక్క సందేహం: డ్రోన్ కొంచెం పక్కకు తిరిగితే ఆ మూల వేరే దిక్కు చూస్తుంది కదా, అప్పుడు కొలత తప్పదా?


విశ్రాంత_మైక్రోవేవ్ | పోస్టు 22

మూల రిఫ్లెక్టర్ నడిమధ్య నుంచి ఇరవై డిగ్రీల వరకు పక్కకు తిరిగినా సగం కంటే తక్కువకు పడిపోదు, కాబట్టి డ్రోన్ ముక్కును రాడార్ వైపే ఉంచి నడిపితే చాలు. అనుమానం ఉంటే మూడు చదరపు పలకలను కర్ణాల వెంట ఒకదానిలోకి ఒకటి అడ్డంగా దూర్చి ఎనిమిది మూలలు వచ్చేలా కట్టండి, ఏ దిక్కు తిరిగినా ఏదో ఒక మూల మనవైపు ఉంటుంది. పలకల మధ్య కోణం మాత్రం మూలమట్టంతో చూసి సరిగ్గా 90 డిగ్రీలు ఉంచండి. థర్మాకోల్ ఎండకు వంగుతుంది, కనుక పరీక్షను ఉదయాన్నే పెట్టుకోండి.